కొలత ఎవరి చేతిలో?

ఇంట్లో కాచుకున్న సారా పాపమా? దుకాణంలో కొన్న సీసా పుణ్యమా? మన పిల్లలు ఈ ప్రశ్న నోరు తెరిచి అడగకపోవచ్చు, కానీ అది వాళ్ల మనసులో ఉంటుంది. బడిలో పాఠం మద్యం చెడ్డదంటుంది. పండుగనాడు ఇంటికి పోతే తాత మోదుగాకు దొప్పలో ఇప్పసారా పోసి పెద్దల పేరు మీద నేలకు ధార విడుస్తాడు. రోడ్డు మీదికి వస్తే సర్కారు లైసెన్సుతో వైన్ షాపు బోర్డు వెలుగుతుంటుంది. ముగ్గురు మూడు మాటలు చెబుతుంటే పిల్లవాడు ఎవరిని నమ్మాలి? పంతుళ్లం, మనం ఏ మాట చెప్పాలి?

మాట తేలాలంటే ముందు పని తెలియాలి. ఇప్పచెట్టు మార్చి, ఏప్రిల్ నెలల్లో పూస్తుంది. రాత్రి విచ్చిన పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఆడవాళ్లు, పిల్లలు గుల్లలు పట్టుకొని చీకటితోనే ఏరడానికి పోతారు. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే ఉంటుంది. కరువు కాలంలో మనవాళ్ల కడుపు నింపిన పువ్వు ఇది. ఇప్పుడు ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళలు ఇదే పువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఇప్పపువ్వు ముందు అన్నం, ఆ తర్వాతే సారా. ఇప్ప పేరెత్తగానే మత్తు ఒక్కటే గుర్తుకొచ్చేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

ఎండు పువ్వును నీళ్లలో నానబెడితే కొన్ని రోజులకు పులుస్తుంది. కంటికి కనిపించని ఈస్ట్ అనే జీవి చక్కెరను తిని ఆల్కహాల్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. తాటికల్లు, ఈతకల్లు పులిసేది ఇట్లాగే. జార్ఖండ్ ఆదివాసుల బియ్యపు హండియా, యూరప్ వాళ్ల బార్లీ బీరు కూడా ఈ పద్ధతిలోనే తయారవుతాయి. తేనెలో నీటి శాతం తక్కువ కాబట్టి అది తేనెగా ఉన్నంతకాలం పులవదు. నీళ్లు కలిపి ఉంచితే పులుస్తుంది, దాన్నే యూరప్‌లో మీడ్ అంటారు. ప్రపంచంలో చాలా జాతులు తమ చెట్టునుంచో, తమ గింజనుంచో ఇట్లాంటి పానీయం ఒకటి చేసుకున్నాయి. కాబట్టి కాచుకోవడం అడవి మనిషి అనాగరికతకు గుర్తు అనే మాట చెల్లదు.

పులియడానికి ఒక హద్దుంది. ఆల్కహాల్ పెరిగిన కొద్దీ ఈస్ట్ తాను చేసిన దానిలోనే బతకలేక పని ఆపేస్తుంది. మామూలుగా 15 శాతం దగ్గరికి వచ్చేసరికి ఆ పని నిలిచిపోతుంది. కల్లులో ఉండేది సాధారణంగా ఐదారు శాతమే. అయితే పులిసిన ఇప్పనీళ్లను కుండలో కాచి, ఆవిరిని చల్లార్చి దించితే సారా అవుతుంది. ఆవిరితోపాటు ఆ హద్దు కూడా పోతుంది. ప్రకృతి పెట్టిన కొలతను దాటిన మనిషి తనకు తాను ఒక కొలత పెట్టుకోక తప్పలేదు. ఆ కొలతకే మనం ఆచారం అని పేరు పెట్టుకున్నాం.

ఆ కొలత ఎట్లా ఉండేదో చూడండి. పెళ్లి మాట ఖాయమైనప్పుడు, పెర్సపెన్ పూజలో, చనిపోయినవాళ్ల కర్మలో, పండుగలో సారాకు చోటుంది. మొదటి చుక్క దేవుడికి, పెద్దలకు. మిగిలింది పదిమంది పంచుకోవాలి. ఎండిన పువ్వును ఏడాదంతా దాచుకోవచ్చు కానీ ఆ ఏడాది ఏరినంతే ఇంట్లో ఉంటుంది. అందులో కొంత తిండికి పోవాలి, కొంత సంతలో అమ్మి ఉప్పు, బట్ట తెచ్చుకోవాలి. మిగిలినదే కుండకెక్కుతుంది. చెట్టు ఒక కొలత పెట్టింది, ఇంటి అవసరం ఒకటి పెట్టింది, పదిమంది కళ్లముందు తాగడం ఇంకొకటి పెట్టింది.

ఇప్పుడు గుడుంబా సంగతి చూద్దాం. నల్లబెల్లం, పటిక ఉంటే చాలు. బెల్లానికి పూతకాలం లేదు, పన్నెండు నెలలూ దొరుకుతుంది. దానికి దేవుడు లేడు, పండుగ లేదు. కాచినవాడు తాగడు, తాగినవాడికి అందులో ఏం కలిసిందో తెలియదు. పొద్దున్నే ఒక్కడే పోయి కవరు చింపుకొని తాగేస్తాడు. మన గూడేల్లో కొందరు దీన్ని కూడా "మా ఆచారం" అని చెప్పుకుంటున్నారు. పువ్వు పోయి బెల్లం వచ్చింది, పంపకం పోయి అమ్మకం వచ్చింది. ఇంక ఇందులో ఆచారం ఎక్కడ మిగిలింది?

ఇది ఆదివాసుల ఒక్కరి కథ అనుకోవద్దు. నేను పాఠం చెప్పే చొప్పదండి వైపు ఇప్పకంటే తాటిచెట్టుదే రాజ్యం. గీత కార్మికుడు ప్రాణానికి తెగించి మోకు వేసుకొని చెట్టెక్కి, గీసి, లొట్టి కట్టి దించిన కల్లుకు గడువు ఒక్క రోజే. పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి పనికిరాదు. చెట్టు ఎంత ఇస్తే ఊరు అంతే తాగాలి. కానీ గిరాకీ చెట్టు ఇచ్చేదానిని దాటినప్పుడు ఏమైందో తెలంగాణలో అందరికీ తెలుసు. చాలాచోట్ల క్లోరల్ హైడ్రేట్, డైజోపాం, అల్ప్రాజోలం కలిపిన కల్లు పట్టుబడింది. దానికి అలవాటుపడినవాళ్లు ఒక్కసారిగా అది దొరకకపోతే చేతులు వణికి, పిచ్చిచూపులు చూస్తూ, ఫిట్స్ వచ్చి ఆసుపత్రుల పాలయ్యారు. ఆ తప్పు తాటిచెట్టుదీ కాదు, నిజాయితీగా గీసే మనిషిదీ కాదు. చెట్టు పెట్టిన కొలతను వ్యాపారం తెంపేసింది. అడవిలో గుడుంబా, మైదానంలో మందు కలిపిన కల్లు, రెండింటికీ మూలం ఒక్కటే.

ఇక సర్కారు మాటకు వద్దాం. ఇంట్లో కాచుకునే హక్కు మీద మన నేలలో యుద్ధమే జరిగింది. తూర్పు గోదావరి రంపలో 1879 మార్చిలో లేచిన పితూరీకి ముఖ్య కారణాల్లో కల్లు ఒకటి. మద్రాసు ప్రభుత్వం తెచ్చిన ఆబ్కారీ నిబంధనలు ఇంటి వాడకానికి సైతం కల్లు గీసుకోవద్దన్నాయి. గీత హక్కు గుత్తేదార్ల చేతికి పోయింది. దాని మీద రంప మునసబుదారు చిగురుపన్ను అడిగాడు. పోడు మీద ఆంక్షలు, షావుకార్ల అప్పులు, పోలీసుల దోపిడీ అప్పటికే ఉన్నాయి. కొండదొరలు, కోయలు తిరగబడ్డారు. కారం తమ్మన్నదొర వంటి నాయకులు ముందు నిలిచారు. పితూరీ గొల్గొండ కొండలకు, భద్రాచలానికి పాకింది. చివరికి ప్రభుత్వం ఆ మునసబుదారును తొలగించి ముఠాదార్లతో నేరుగా ఒప్పందాలు చేసుకోవాల్సి వచ్చింది. వాళ్లు పోరాడింది మత్తు కోసమని అనేవాళ్లకు చరిత్ర తెలియదు. తమ పెరట్లో చెట్టు మీద, తమ పొయ్యి మీద పరాయివాడు కూర్చోవడాన్ని వాళ్లు ఒప్పుకోలేదు.

ఆ పరాయితనం ఇప్పటికీ పోలేదు. రాజ్యాంగం 47వ అధికరణ మద్యాన్ని నిషేధించే ప్రయత్నం చేయాలని రాజ్యానికి చెప్పింది. అదే రాజ్యం దుకాణాలకు లైసెన్సులిచ్చి ఖజానా నింపుకుంటుంది. అమెరికాలో 1979 నుంచి కేంద్ర చట్టం ప్రకారం ఒక మనిషి తన ఇంటి కోసం ఏడాదికి 100 గ్యాలన్లు, అంటే సుమారు 378 లీటర్ల బీరు పన్ను లేకుండా కాచుకోవచ్చు. ఇంట్లో ఇద్దరు పెద్దలుంటే 200 గ్యాలన్లు. అమ్మకూడదు, సారా దించకూడదు. అక్కడ ఆ పనిని సరదా అంటారు, దానికోసం పుస్తకాలు రాస్తారు, పోటీలు పెట్టుకుంటారు. ఇక్కడ అడవిలో ముసలమ్మ కుండ పెడితే దొంగసారా అంటారు. మధ్యప్రదేశ్ ఈమధ్య ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి, ఆదివాసీ బృందాలు కాచి సీసాల్లో అమ్ముకోవడానికి దారి తెరిచింది. గౌరవం దొరకడం మంచిదే. కానీ సీసాలోకి పోయాక అది కూడా దుకాణం సరుకే. ఎంత అమ్ముడుపోతే అంత లాభం అన్న లెక్క అక్కడా మొదలవుతుంది.

ఇక్కడిదాకా విని మన యువకులు సంతోషపడవచ్చు. "తప్పంతా వాళ్లదే సార్, మనది హక్కు" అనవచ్చు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. హక్కు ఉన్నంత మాత్రాన పని మంచిదైపోదు. రంపలో కల్లు కోసం జనం తిరగబడిన నలభై ఏళ్లకు, అదే కొండల్లో అల్లూరి సీతారామరాజు తాగుడు మానమని, తగాదాలు మీ పంచాయతీల్లోనే తీర్చుకోమని ఊరూరా చెప్పాడు. ఛోటానాగపూర్‌లో బిర్సా ముండా తన అనుచరులకు సారా వద్దన్నాడు. వీళ్లు ఆచారానికి శత్రువులా? కాదు. మత్తులో ఉన్న జాతిని షావుకారు, గుత్తేదారు తేలికగా దోచుకుంటారని వాళ్లకు తెలుసు. తమ్మన్నదొర తరం "మా చెట్టు మీద నీ పెత్తనం ఏంది" అని అడిగింది. తర్వాతి తరం "మా మీద సీసా పెత్తనం ఏంది" అని అడిగింది. రెండూ స్వేచ్ఛ కోసం వేసిన ప్రశ్నలే. మొదటిదాన్ని పట్టుకొని రెండోదాన్ని వదిలేయడం న్యాయం కాదు.

ఇంకో మాట కూడా దాచకూడదు. పాతకాలపు కొలత అందరికీ సమానంగా మేలు చేసిందని నేను అనను. పండుగ సారా తాగి భార్య మీద చెయ్యెత్తినవాళ్లు అప్పుడూ ఉన్నారు. పువ్వు ఏరింది ఆమె, ఎండబెట్టింది ఆమె, చాలా ఇళ్లలో కుండ కాచిందీ ఆమే. దెబ్బలు కూడా ఆమెకే. కొలత పెట్టే చోట ఆమె మాట లేకపోతే దాన్ని ఆచారం అనడం మగవాళ్ల సౌకర్యమే అవుతుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. వాళ్లను కదిలించినవాటిలో అక్షరాస్యత తరగతిలో చదువుకున్న సీతమ్మ కథ అనే పాఠం ఒకటి. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వం ఆ నిషేధాన్ని సడలించింది. పంతుళ్లం ఇందులో రెండు సంగతులు గమనించాలి. ఒక పాఠం ఊరును కదిలించగలదు. అలాగే ఊరు తెచ్చుకున్న కట్టడిని హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లు ఎప్పుడైనా తీసేయగలరు.

మరి ఎవరూ తీసేయలేని కట్టడి ఎక్కడుంది? షెడ్యూల్డ్ ప్రాంతాల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం నాలుగో సెక్షన్ తీసి చూడండి. మత్తు పానీయాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే, పరిమితం చేసే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని అందులో ఉంది. చిన్న అటవీ ఫలసాయం మీద యాజమాన్యం కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. అంటే ఇప్పపువ్వు ఎవరిది, దాన్ని ఏం చేయాలి అనే రెండు ప్రశ్నలూ ఒకే చోటికి, గూడెం చావడికి వస్తాయి. మన చదువుకున్న పిల్లలు పోడు పట్టాల గురించి గ్రామసభలో గట్టిగా మాట్లాడుతున్నారు. సంతోషం. ఊరి మలుపులో నడిచే బెల్టుషాపు గురించి కూడా అదే సభలో అదే గొంతుతో మాట్లాడాలి. ఏ పండుగకు ఎంత కాయాలి, అమ్మకం ఉండాలా వద్దా, బెల్లం సారా ఊర్లోకి రానివ్వాలా అన్నది సభే తేల్చాలి. ఆ సభలో సగం మంది ఆడవాళ్లు కూర్చోవాలి, ముందు వాళ్లే మాట్లాడాలి. ఒక ఊరు అసలే వద్దనుకోవచ్చు. ఇంకో ఊరు దేవుడి పూజకు మాత్రమే అనుకోవచ్చు. ఏది తేల్చినా అది తమ నిర్ణయం అవుతుంది.

ఇక బడిలో ఏం చెప్పాలి? పిల్లలు ఎదిగే వయసులో చుక్క కూడా తాగకూడదని సూటిగా చెప్పాలి. మెదడు, కాలేయం ఎవరి కులం, ఎవరి తెగ అని చూడవు. పండుగలో దొప్ప చేతికిచ్చినా "నాకొద్దు తాతా" అనడం తప్పు కాదని, దేవుడికి కోపం రాదని ధైర్యం చెప్పాలి. అదే సమయంలో తాత చేసే ధారను చూపించి "మీవాళ్లు తాగుబోతులు" అనే మాట మన నోట రాకూడదు. ఆ మాట విన్న పిల్లవాడు తాగుడు మానడు, బడి మానేస్తాడు. ఇల్లు, బడి రెండూ పోగొట్టుకున్నవాడికి చివరికి దొరికేది దుకాణమే.

పై తరగతుల పిల్లలకైతే ఆలోచించడం నేర్పాలి. ఈస్ట్ పనిని సైన్సు పాఠంలో, రంప పితూరీని సాంఘికశాస్త్రంలో, నెలకు ఒక ఇల్లు సీసాలకు పెట్టే ఖర్చును లెక్కల్లో చెప్పవచ్చు. చెప్పి, వాళ్లనే అడగాలి: ఈ పానీయాన్ని కాచినవాడికి నువ్వు మనిషివా, గిరాకీవా? ఇది ఎప్పుడు చాలు అని చెప్పేవాళ్లు నీ పక్కన ఉన్నారా? దీనికి పెట్టిన పైసలు ఎవరి కంచంలోంచి వచ్చాయి? జవాబు వాళ్లే వెతుక్కుంటారు. ఇప్పసారాకు ఒక జవాబు రావచ్చు, గుడుంబాకు ఇంకొకటి, రంగు సీసాకు మరొకటి. కొన్నిసార్లు మన సొంత కుండకే చెడ్డ జవాబు రావచ్చు. అప్పుడు ఆచారం పేరు చెప్పి పిల్లల నోరు మూయించకూడదు.

ఇంట్లో కాచుకోవడం పాపం కాదు, కొనుక్కోవడం పుణ్యం కాదు. ఎంత, ఎప్పుడు, ఎవరితో అన్నది తేల్చే చెయ్యి మనదైతే అది ఆచారం. ఆ చెయ్యి షావుకారుదో, ఖజానాదో, మత్తుదో అయిన రోజు మన ఇంటి కుండలోది కూడా పరాయి సారాయే.