గాలిగొట్టం దాచని జలకన్యలు

ఫ్లోరిడా పడమటి తీరంలో, 19వ నంబరు హైవే పక్కన, వీకీ వాచీ అనే పెద్ద ఊట ఉంది. అందులో జలకన్యలు ఆడతారు. ప్రేక్షకులం నీటిమట్టానికి 16 అడుగుల దిగువన అద్దాల గోడ ముందు కూర్చుంటాం. బుడగల తెర తొలగగానే పొడవాటి చేపతోకతో ఒక అమ్మాయి ప్రత్యక్షమవుతుంది. చేతిలో గాలిగొట్టం. దాన్ని నోట పెట్టుకుని గాలి పీల్చి, వదిలేసి, నీళ్లలో గిరికీ కొట్టి నవ్వుతుంది. కాసేపటికి మళ్లీ గొట్టం అందుకుంటుంది. ఇదంతా అందరి కళ్ల ముందే జరుగుతుంది. ఆ ప్రదర్శనలో నా మనసుకు పట్టింది ఆ గొట్టమే.

మన తోలుబొమ్మలాటలో బొమ్మతోపాటు దాన్ని ఆడించే పుల్ల నీడ కూడా తెర మీద పడుతుంది. అయినా హనుమంతుడు సముద్రం దాటుతుంటే ఊరు ఊరంతా కన్నార్పకుండా చూస్తుంది. తెలియనప్పుడే అద్భుతం పుడుతుందని అనుకుంటాం గానీ, తెలిసి కూడా నిలిచే అద్భుతం ఒకటుంది. అది గట్టిది.

ఈ గొట్టం వెనక న్యూటన్ పెర్రీ ఉన్నాడు. అమెరికా నౌకాదళంలో ఈతగాళ్లకు శిక్షణ ఇచ్చినవాడు. 1946లో అతను ఇక్కడికి వచ్చేసరికి ఊట నిండా తుప్పుపట్టిన ఫ్రిజ్‌లు, పాత కార్లు. వాటన్నిటినీ తీయించాడు. వీపున సిలిండర్ లేకుండా, కంప్రెసర్ నుంచి వచ్చే గాలిని గొట్టంతో పీల్చడం అమ్మాయిలకు నేర్పాడు. 1947 అక్టోబరు 13న 18 సీట్ల థియేటర్ తెరిచాడు. అప్పట్లో ఆ దారిన బండ్లు తక్కువ. కారు చప్పుడు వినిపిస్తే చాలు, అమ్మాయిలు ఈత దుస్తుల్లోనే రోడ్డు మీదికి పరుగెత్తి రమ్మని పిలిచేవారట. తర్వాత అమెరికా టీవీ సంస్థ ఏబీసీ దీన్ని కొని, 400 సీట్ల థియేటర్ కట్టింది. 1971లో డిస్నీ వరల్డ్ వచ్చి జనాన్ని అటు తిప్పుకుంది. అయినా ఈ ఆట ఆగలేదు. 2008 నుంచి ఇది ఫ్లోరిడా రాష్ట్ర పార్కు.

నీటిలో ఈ జలకన్యలు పైకి తేలిపోకుండా, అడుక్కి జారిపోకుండా నిలబడేది ఊపిరితోనే. గాలి నింపుకుంటే లేస్తారు, వదిలితే దిగుతారు, బిగబట్టి ఉన్నచోట నిలుస్తారు. పూరకం, రేచకం, కుంభకం అని మన యోగులు చెప్పిన సాధన ఇక్కడ నాట్యమైంది. కళ్లకు అద్దాలుండవు కనుక ఎదుట అంతా మసక. నీరు ఏడాదంతా 23 డిగ్రీల దగ్గరే ఉంటుంది, సేపు గడిచేకొద్దీ ఒంట్లో వేడిని లాగేస్తుంది. అయినా ముఖాన చిరునవ్వు చెదరనివ్వరు. ఒకప్పుడు ఇక్కడ ఆడినవాళ్లు అరవై దాటాక తిరిగొచ్చి మళ్లీ తోక తొడిగారు. నీరు మోస్తుంటే వయసు బరువెంత!

ఇంకొకరి ఊతంతో నిలబడ్డామని చెప్పుకోవడం మనకు నామోషీ. స్వయంకృషి అన్న మాట చెప్పేటప్పుడు మన వెనకున్న చేతుల్ని పక్కకు నెట్టేస్తాం. ఈ జలకన్యకు ఆ నామోషీ లేదు. గాలి తనది కాదు, ఆట తనది. రెండూ ఒకేసారి నిజం.

ఆ అమ్మాయికి గాలి ఎలాగో, ఊటకు వాన అలాగ. ఎక్కడెక్కడో కురిసిన నీరు సున్నపురాతి పొరల్లోకి ఇంకి, ఇక్కడ రోజుకు 40 కోట్ల లీటర్లకు పైగా ఉబికి వస్తుంది. పచ్చిక మీద చల్లిన ఎరువూ, ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల మురుగూ అదే దారిన దిగి, నైట్రేట్‌గా ఊటలో తేలాయి. నాచు పెరిగింది. పెర్రీ కాలపు చెత్త కంటికి కనిపించేది, పైకి లాగేస్తే పోయింది. ఈ చెత్త నీటిలో కరిగి ఉంది. దాన్ని ఆపాలంటే ఊట దగ్గర కాదు, దూరాన ప్రతి ఇంటి పెరట్లో ఆపాలి.

అందుకే కృతజ్ఞత మనసులో ఉంటే చాలదనుకుంటున్నాను. మనల్ని నిలబెట్టినదాన్ని నలుగురికీ కనిపించేలా పట్టుకోవాలి. కనిపించేదాన్నే కాపాడుకుంటాం. దాచిన ఆధారం పాడవుతున్నా మనకు తెలియదు.