మొక్కయా, మానా?

‘మొక్కై వంగనిది మానై వంగునా’ యని మన పెద్దలందురు. ఈ సామెతను నమ్మియే మన బెంగళూరు నగరమున తల్లిదండ్రులు తెల్లవారకమునుపే పసిబిడ్డలను ఆటస్థలములకు తీసికొనిపోవుచున్నారు. 2017వ సంవత్సరము జూలైలో ఇచ్చటి కంఠీరవ క్రీడామందిరమున మన దేశపు వనితలు ఆసియా కప్ బాస్కెట్‌బాల్ పోటీల ద్వితీయ విభాగమున విజయము సాధించిరి. అట్టి జట్టును చూచినప్పుడెల్ల మాకొక ప్రశ్న తోచుచుండును. జట్టును కూర్చువాడు ఎవరిని ఎన్నుకొనవలెను? ఇంకను ఎదుగవలసిన లేబ్రాయపు విద్యార్థినా, వేరొకచోట ఆడి రాటుదేలినవానినా?

అమెరికా దేశమున కళాశాలల బాస్కెట్‌బాల్ జట్లను నడుపువారికి ఇది ఏటేట ఎదురగు ప్రశ్న. అచ్చట జూనియర్ కాలేజీ యనగా మన ఇంటర్మీడియట్ కళాశాల కాదు. హైస్కూలు ముగిసిన పిదప రెండేండ్లు చదువు చెప్పు సంస్థ. మార్కులు చాలనివారు, ధనము లేనివారు, ఆలస్యముగా ఎదిగినవారు పెక్కుమంది అందు చేరి, అటుపిమ్మట విశ్వవిద్యాలయములకు పోవుదురు. పోటీలలో ఒక్కొక్కరికి నాలుగేండ్ల అవకాశమే చిరకాలము నియమముగా నుండెను. కావున హైస్కూలునుండి నేరుగా వచ్చినవానికి నాలుగేండ్లు లభింపగా, జూనియర్ కాలేజీలో రెండేండ్లు ఆడి వచ్చినవానికి రెండేండ్లే మిగులుచుండెను.

వీరిలో ఎవరు మేలు? నార్త్ కెరొలైనా విశ్వవిద్యాలయమునే చూడుడు. విన్సెన్స్ జూనియర్ కాలేజీనుండి వచ్చిన బాబ్ మెకాడూ ఒక్క యేడే ఆడి, 1972లో జట్టును జాతీయ పోటీల సెమీఫైనలునకు చేర్చి వెడలిపోయెను. 1981లో హైస్కూలునుండి వచ్చిన మైకేల్ జోర్డాన్, మరుసటి యేట ఫైనలులో గెలుపు బంతిని తానే వేసి, మూడేండ్లు ఆడెను. ఇరువురును మహాక్రీడాకారులే. ఫలితమును బట్టి తీర్పు చెప్పబూనినచో వివాదము తెగదు. ఏలనన ఇది ఆటకు సంబంధించిన ప్రశ్న యని పైకి తోచినను, నిజమునకు న్యాయమునకు సంబంధించిన ప్రశ్న.

లేతవాడు తప్పు చేసినచో ‘ఇంకను చిన్నవాడు, నేర్చుకొనును’ అందుము. ముదిరివచ్చినవాడు అదే తప్పు చేసినచో ‘వీని కొరకేనా చోటిచ్చితిమి?’ అందుము. ఒకనియందు ఆశ పెట్టుకొందుము; రెండవవానితో అవసరము తీర్చుకొందుము. కాని ఆ రెండవవాడు పెక్కుసారులు బీదరికము చేతనో, మార్కుల కొరత చేతనో చుట్టుదారిని నడచివచ్చినవాడు. దీర్ఘమార్గమున వచ్చినవానికే స్వల్పమైన ఓర్పు చూపుట ఏమి ధర్మము?

దీనికి ప్రతివాదము లేకపోలేదు. రాటుదేలినవాని కిచ్చిన ప్రతి చోటును ఒక పసివానికి తప్పిపోయిన చోటే. పల్లెటూరి పాఠశాలలో బాలుని తీర్చిదిద్దిన గురువు ‘వీనికెప్పుడు వంతు వచ్చును?’ అని అడిగినచో, గెలుపు చూపి అతని నోరు మూయింపలేము. నేడు గెలువవలెనను తొందరలో లేతవారికి తలుపు మూసిన సంస్థ తన రేపటిని తానే అమ్ముకొనుచున్నది. ఈ మాటను మేము కాదనము. కాని ఇది ఎవరికెన్ని చోట్లుండవలెనను విషయమున చెల్లునే గాని, లోనికి వచ్చినవానిని ఎట్లు చూడవలెనను విషయమున చెల్లదు.

ఈ సందర్భమున బ్యాడ్మింటన్ క్రీడలో మన తెలుగువారి చరిత్రయే మనకు పాఠము చెప్పుచున్నది. పుల్లెల గోపీచంద్ గారు హైదరాబాదున ఆరిఫ్ గారి శిక్షణలో ఎదిగి, పిమ్మట మన బెంగళూరు వచ్చి ప్రకాశ్ పదుకొనే గారి అకాడమీలో సాధన చేసిరి. నడుమ మోకాటి గాయములు, శస్త్రచికిత్సలు. వేరొకచోట నేర్చి వచ్చినవాడు, అందునను గాయపడినవాడని ఈ నగరము చేయి విడువలేదు. 1980లో పదుకొనే గారు గెలిచిన ఆల్ ఇంగ్లండ్ బిరుదమును 2001లో గోపీచంద్ గారు గెలిచిరి.

ఆయన 2008లో హైదరాబాదున అకాడమీ స్థాపించినప్పుడు రెండు తెరగులవారికిని చోటు దొరకెను. చిన్ననాటనే చేరిన పి. వి. సింధు 2016లో ఒలింపిక్ రజతమును, 2019లో ప్రపంచ విజేతృత్వమును పొందినది. కిదాంబి శ్రీకాంత్ 2009లో, పదునారేండ్ల ప్రాయమున, డబుల్స్ ఆటగానిగా వచ్చెను. గురువు అతనిని సింగిల్స్‌నకు మరల్చిరి. అతడు 2018లో ప్రపంచ ప్రథమస్థానమున నిలిచెను. మానై వంగదన్న సామెత ఇచ్చట ఓడిపోయినది. వంచువానికి ఓర్పున్నచో మానును వంగును.

ఈ విచారణ ఆటలకే పరిమితము కాదు. మన నగరమున డిప్లొమా ముగించి ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరు విద్యార్థులు కలరు. తరగతిలో వారు నడుమ వచ్చినవారుగనే కనబడుదురు. వారి నట్లు చూచు కన్నులు మనవే.

కావున మా అభిప్రాయమిది. పసివారికి కొన్ని చోట్లు తప్పక నిలిపి యుంచుడు. ఆలస్యముగా వచ్చినవానికిని తలుపు తెరచి యుంచుడు. అతనికి తొలి పాఠము చెప్పిన గురువును మరువకుడు. ఒకసారి లోనికి పిలిచిన పిదప, ఎవడు ఏ త్రోవను వచ్చెనని లెక్కింపక, ఓర్పును మాత్రము ఇరువురకు సమముగా పంచుడు.