కూడబెట్టడమా? కాపాడడమా?

ఉద్యోగ విరమణ చేసిన మనిషి పాత గ్రామఫోను రికార్డులు ఇంకా కొంటూ పోవడం తగునా, తగదా? ఈ ప్రశ్న విని కొందరు నవ్వవచ్చు. లోకంలో ఇన్ని కష్టాలుండగా ఇదొక సమస్యా అనవచ్చు. కాని ఈ ప్రశ్న ఉన్న ఇంట్లో అది చిన్నదేమీ కాదు. "ఏమండీ, ఈ పెట్టెలు ఇంకెక్కడ సర్దమంటారు?" అని ఇల్లాలు అడుగుతుంది. "నాన్నగారూ, ఆ పాటలన్నీ ఫోనులో ఊరికే వస్తున్నాయి కదా, మళ్ళీ డబ్బు పెట్టి కొనడం ఎందుకు?" అని కొడుకు అంటాడు. రాత్రి నిద్ర పట్టనప్పుడు ఆ పెద్దాయన తనను తానే అడుగుతాడు: "నా తర్వాత ఇవి ఎవరికి?" మొదటి ప్రశ్న చోటు గురించి, రెండోది డబ్బు గురించి, మూడోది మరణం గురించి. ఒక పెట్టె రికార్డులు ఇంతదూరం తీసుకువెళ్తున్నాయంటే వాటి గురించి కాసేపు ఆలోచించడం వృథా కాదు.

ధవళేశ్వరం వంటి ఊరికి ఈ సంగతి బాగా తెలుసు. గోదావరి డెల్టా నీటిపారుదల కార్యాలయాలు ఇక్కడ ఉండడం వల్ల తరతరాలుగా ఇది ఉద్యోగుల ఊరు, ఆ వెనుక పింఛనుదారుల ఊరు. రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. ఇటీవల విరమించినవారు 1960లలో పుట్టినవారు. రేడియో, పెళ్ళి పందిట్లో మైకు సెట్టు, తిరునాళ్ళలో తాటిచెట్టుకు కట్టిన లౌడు స్పీకరు, వీటి నడుమ పెరిగారు. వాళ్ళకు పాట అంటే గుండ్రంగా తిరిగే నల్లని పళ్ళెం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కొనడానికి డబ్బుంటే వినడానికి తీరిక లేదు. ఇప్పుడు తీరిక ఉంది, డబ్బుకు లెక్క వచ్చింది.

ఈ పళ్ళేనికి పెద్ద చరిత్రే ఉంది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన పాటలతో మన దేశంలో రికార్డుల కాలం మొదలైంది. ఆనాటి రికార్డు లక్కతో చేసినది. నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక్కో వైపు మూడు నిమిషాల పాట. చెయ్యి జారితే ముక్కలయ్యేది. 1948లో అమెరికాలో ఎల్పీ వచ్చింది. ప్లాస్టిక్కుతో చేసిన ఈ రికార్డు నిమిషానికి 33 చుట్లకు కొంచెం పైగా తిరుగుతూ ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా పాడగలదు. 1980లలో కాసెట్టు దీన్ని పక్కకు నెట్టింది. కాసెట్టును సీడీ, సీడీని ఫోను నెట్టేశాయి. చచ్చిపోయిందనుకున్న ఎల్పీ ఈ శతాబ్దంలో మళ్ళీ లేచింది. 2022లో అమెరికాలో సీడీల కంటే ఎల్పీలే ఎక్కువ అమ్ముడయ్యాయి. కొత్తగా అచ్చయ్యే ఎల్పీ వెల ఇప్పుడు వేల రూపాయల్లో ఉంటోంది. పాతవాటి వెల అమ్మేవాడి నోటిమాట.

సేకరించేవారి తరఫున ముందుగా ఒక మాట చెప్పాలి. రాజమండ్రిలో పుట్టిన టంగుటూరి సూర్యకుమారి గొంతులోనే శంకరంబాడి సుందరాచారి గీతం గ్రామఫోను రికార్డుగా వెలువడి ఇంటింటికీ చేరింది. తర్వాత అదే మన రాష్ట్ర గీతమైంది. కరుణశ్రీ పద్యాలు ఘంటసాల గొంతులో 'పుష్పవిలాపం'గా పల్లెలకు వెళ్ళింది రికార్డు మీదనే. కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ సంగీతం కచేరీకి వెళ్ళలేని వారి ఇళ్ళకూ చేరింది. ఇంత పేరు లేని గాయకులు, రంగస్థల నటులు, హరికథకులు ఎందరో ఒకటి రెండు రికార్డులిచ్చి కనుమరుగయ్యారు. కంపెనీ దగ్గర మూలం పోయినా, ఎక్కడో ఒక ఇంటి అటక మీద ఒక్క ప్రతి ఉంటే ఆ గొంతు బతికి ఉన్నట్టే. చెన్నైలో వి.ఎ.కె. రంగారావుగారు సేకరించిన రికార్డులు నలభై వేలు దాటాయని పత్రికల్లో వచ్చింది. అటువంటివారు లేకపోతే తెలుగువారి పాట చరిత్రలో చాలా పుటలు ఖాళీగా ఉండేవి. దీన్ని పిచ్చి అని కొట్టిపారేయడం కృతఘ్నత అవుతుంది.

అయితే ఈ మాట వెనుక దాక్కోవడం కూడా సులువే. మనలో చాలామంది కొనేవి వేల ప్రతులుగా అచ్చయిన సినిమా రికార్డులు. 1978లో వచ్చిన 'కరుణామయుడు' పాటలు నేటికీ ఏ దేవాలయం మైకులోనైనా వినబడతాయి. ఆ రికార్డు రెండోది, మూడోది కొని పెట్టుకున్నవాడు చరిత్రను కాపాడుతున్నానని చెప్పుకుంటే అది నిజం కాదు. అతనికి ఇష్టం, కొన్నాడు. ఇష్టాన్ని ఇష్టమని ఒప్పుకోవడంలో తప్పులేదు. దానికి సేవ అని పేరు పెట్టడంలోనే చిక్కు మొదలవుతుంది.

ఇక డబ్బు సంగతి. "ఆ డబ్బు పేదలకిస్తే పుణ్యం కదా" అనే మాట మనం తరచుగా వింటాం. యోహాను సువార్తలో బెతానియా మరియమ్మ విలువైన పరిమళ తైలాన్ని ప్రభువు పాదాలకు పూసినప్పుడు, దాన్ని మూడువందల దీనారాలకు అమ్మి పేదలకివ్వవచ్చు కదా అన్నది ఎవరో మనకు తెలుసు. ప్రభువు ఆమెనే సమర్థించాడు. కనుక ఉపయోగానికి మించిన ప్రతి ఖర్చూ పాపమని తేల్చివేయడానికి వీల్లేదు. అందమైనదాని మీద పెట్టిన రూపాయి వ్యర్థం కానక్కరలేదు. కాని మరియమ్మ ఆ తైలాన్ని దాచుకోలేదు, ఒలికించింది. ఇల్లంతా ఆ పరిమళంతో నిండిందని సువార్తికుడు చెబుతున్నాడు. రికార్డుల పెట్టె వల్ల ఇల్లు పాటతో నిండుతోందా, అట్టపెట్టెలతో నిండుతోందా? ఈ తేడాను ఎవరింట్లో వారు చూసుకోవాలి.

పింఛను కూడా అందరికీ ఒకటి కాదు. 2004 సెప్టెంబరు తర్వాత ఉద్యోగంలో చేరిన రాష్ట్ర ఉద్యోగులకు పాత పింఛను పద్ధతి వర్తించలేదు. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి విరమించిన మాస్టారికి అదీ లేదు. భార్య మోకాళ్ళ ఆపరేషను వాయిదా వేసి కొన్న రికార్డు ఎంత అపురూపమైనదైనా ఆ ఇంట్లో దాని పాట శ్రుతి తప్పినట్టే. ఈ విషయంలో సందేహానికి తావులేదు.

వయసు సంగతి వేరు. "ఈ వయసులో కొని ఎప్పుడు వింటారు?" అని పిల్లలు అడుగుతారు. లెక్క వేసి చూద్దాం. ఒక ఎల్పీ రెండు వైపులా కలిపి నలభై నిమిషాలు అనుకుంటే, 600 ఎల్పీలు 400 గంటలు. రోజుకొక గంట కూర్చుంటే పదమూడు నెలల్లో అన్నీ వినవచ్చు. నలభై వేల 78 చుట్ల రికార్డులున్నా, ఒక్కోటి ఆరు నిమిషాల చొప్పున, రోజుకొక గంటతో సుమారు పదకొండేళ్ళలో పూర్తవుతాయి. కాబట్టి మనకు కొరత ఏళ్ళది కాదు, ఆ రోజుకొక గంటది. కొనడానికి ఉత్సాహం ఉండి వినడానికి కూర్చోలేని మనిషి ముప్ఫైలో ఉన్నా అరవైలో ఉన్నా ఒకటే. ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ 1860లో ఉద్యోగం నుంచి విరమించి, ఆ తర్వాత దాదాపు ముప్ఫై తొమ్మిదేళ్ళు బతికాడు. ఇంగ్లండులో కూర్చుని భారతదేశపు కాలువల కోసం వాదిస్తూనే ఉన్నాడు. విరమణ నాడే ఆసక్తులన్నీ మూటకట్టి అటకెక్కించమని ఏ పెద్దకూ చెప్పే హక్కు మనకు లేదు.

మరో ఇల్లు కూడా ఉంది. భార్య కన్నుమూసింది, పిల్లలు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉన్నారు. పెద్దాయన సాయంత్రం దీపం వేళ ఒక రికార్డు పెడతాడు. ఆమె ఇష్టపడిన పాట అది. రెండో చరణం దగ్గర ఎప్పుడో పడిన గీత వల్ల సూది గెంతుతుంది. ఆ గెంతు కూడా ఆయనకు జ్ఞాపకమే. ఫోనులో వచ్చే పాటలో ఆ గెంతు ఉండదు. అటువంటి ఇంట్లో "అమ్మేయండి తాతయ్యా" అనడానికి ముందు మనం ఒకసారి పక్కన కూర్చుని ఆ పాట వినడం మర్యాద.

ఇంతకూ పాట మీది ప్రేమ మంచిదేనా? పునీత అగస్తీను గారు తన ఒప్పుకోలు గ్రంథం పదో భాగంలో ఈ విషయమై చాలా మథనపడ్డారు. మనసు మార్చుకున్న తొలిరోజుల్లో దేవాలయ గానం విని కన్నీరు కార్చిన సంగతి ఆయన మరిచిపోలేదు. అయినా, పాడబడే విషయం కంటే పాడే గొంతే తనను ఎక్కువగా కదిలించినప్పుడు తప్పు చేసినట్టు భావిస్తానని రాశారు. చివరకు దేవాలయంలో పాట ఉండాలనే వైపే మొగ్గారు. పదహారు వందల ఏళ్ళ కిందటి ఈ మథనం మన రికార్డుల పెట్టెకూ వర్తిస్తుంది. పాట కోసం రికార్డు కొనడం ఒకటి. రికార్డు కోసం, దాని అట్ట కోసం, అది ఇతరుల దగ్గర లేదనే తృప్తి కోసం కొనడం మరొకటి. రెండోదానిలో పాట ఎప్పుడో జారిపోయింది.

లూకా సువార్తలోని ధనవంతుడి కథ మనందరికీ తెలిసినదే. పంట బాగా పండింది, పాత కొట్లు పడగొట్టి పెద్దవి కట్టాలనుకున్నాడు, ఆ రాత్రే ప్రాణం పోయింది. పెద్ద కొట్టు కట్టడమే అతని నేరమని మనం తొందరపడి అనుకుంటాం. ఆ కథను నెమ్మదిగా చదివితే మరో సంగతి కనబడుతుంది. అతను మొదటి నుంచి చివరి దాకా తనతో తానే మాట్లాడుకుంటాడు. భార్య లేదు, కూలివాడు లేడు, పొరుగువాడు లేడు. అన్నీ నావి, నావి అనే మాటలే. ఆ కొట్టుకు తలుపు లోపలికే తెరుచుకుంటుంది. ఎవరినీ పిలవని, ఎవరికీ వినిపించని, చిన్నపిల్లలు ముట్టుకుంటే కసిరే రికార్డుల గది కూడా అటువంటి కొట్టే.

ధవళేశ్వరంలో ఉన్నవారికి దీనికి దూరంగా పోలిక వెతకనక్కరలేదు. 1852లో పూర్తయిన ఆనకట్ట గాని, దాని స్థానంలో 1982 నాటికి పూర్తయిన 175 గేట్ల బ్యారేజీ గాని గోదావరినంతా దాచుకోవడానికి కట్టినవి కావు. నీటిమట్టాన్ని కావలసినంత లేపి, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు అందించి, మిగిలినదాన్ని సముద్రానికి విడిచిపెట్టడమే వాటి పని. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు, పట్టి ఉంచాలనుకుంటే ఏం మిగిలేది? పట్టుకోవడం, పంచడం, విడవడం, ఈ మూడూ తెలిస్తేనే అది డెల్టాకు అన్నం పెడుతుంది.

ఆ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఎగరవేస్తారు. సేకరించేవారు కూడా మనసులో మూడు హెచ్చరికలు పెట్టుకోవచ్చు. కిందటి నెల కొన్నది ఇంకా వినకుండానే కొత్తది కొనబుద్ధి అయితే మొదటి హెచ్చరిక. అప్పుడు కొన్నాళ్ళు ఆగి, ఉన్నవి వినాలి. కొన్న వెల ఇంట్లో తగ్గించి చెప్పవలసి వస్తే రెండో హెచ్చరిక. అప్పుడు లెక్కంతా ఇల్లాలి ముందు పెట్టాలి. ఇంటివాళ్ళ అవసరం ఒక్కటైనా దీని కోసం ఆగిందంటే మూడో హెచ్చరిక. అప్పుడు కొనడం మానాలి, అవసరమైతే కొన్నింటిని అమ్మాలి.

ఏ హెచ్చరికా ఎగరనివారు నిశ్చింతగా కొనుక్కోవచ్చునని నా అభిప్రాయం. అయితే విరమణ తర్వాతి సేకరణకు ఒక కొత్త బాధ్యత తోడవుతుంది: అప్పగింత. ఉన్నవాటికి ఒక నోటు పుస్తకంలో జాబితా రాయాలి. ఏది అరుదైనది, ఏది అందరి దగ్గరా ఉన్నది అని గుర్తు పెట్టాలి. రికార్డులను నిలువుగా నిలబెట్టాలని, ఎండ తగిలితే ఎల్పీ వంకరపోతుందని, లక్క రికార్డును స్పిరిటుతో తుడిస్తే పాడవుతుందని, మన డెల్టా తేమకు బూజు పడుతుందని ఇంట్లో ఒక్కరికైనా నేర్పాలి. అరుదైనవాటి పాటలను ఫోనులోకో కంప్యూటరులోకో ఎక్కించి నలుగురికీ పంచాలి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఈనాడు మనకు ఉందంటే, ఎవరో తమ పుస్తకాలను తమతో పట్టుకుపోవాలనుకోకపోవడం వల్లనే. రికార్డులకు కూడా ఒక వారసుణ్ణో సంస్థనో బతికి ఉండగానే వెతకాలి. మనం పోయిన పదకొండో రోజున పాత సామాన్లవాణ్ణి పిలిచే పరిస్థితి పిల్లలకు కల్పించకూడదు.

పిల్లలకూ ఒక మాట. తండ్రి రికార్డులు మీకు అక్కరలేకపోవచ్చు. అది తప్పు కాదు, వాటిని మోయవలసిన బాధ్యత కూడా మీకు లేదు. కాని ఆయన ఎందుకు దాచాడో ఒక్కసారి అడిగి తెలుసుకోండి. చాలా ఇళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగక ముందే పెట్టె తూకానికి పోతోంది.

ప్రియ పాఠకులారా, ఈ ఆదివారం దివ్యబలిపూజ నుంచి వచ్చాక, మీ ఇంట్లో అటువంటి పెట్టె ఉంటే దాన్ని కిందికి దించండి. దుమ్ము తుడిచి ఒక రికార్డు పెట్టండి. పక్కింటివారిని కూడా పిలవండి. వినడానికి నలుగురు వస్తే మరొకటి కొనవచ్చు.