ఫ్రిజ్ మీద వచనం

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దాన కార్డు మా ఫ్రిజ్ మీద ఉంది. ఫిలిప్పీ 4:13. పరీక్షలకీ, ఇంటర్వ్యూలకీ చాలామందిమి నమ్ముకునే వచనమే. రెండు వచనాలు వెనక్కి వెళ్తే మాత్రం సంగతి వేరు.

పౌలు ఖైదులో ఉండి రాస్తున్నాడు. కడుపు నిండినా, మాడినా తృప్తిగా ఉండటం నేర్చుకున్నానంటాడు. నేర్చుకున్నాడట, పుట్టుకతో వచ్చింది కాదు! తృప్తికి అతను వాడిన గ్రీకు మాట స్టోయిక్ తత్వవేత్తలకి ఇష్టమైనది: తనకి తానే చాలడం, ఇంకొకరి అవసరం లేకపోవడం. కానీ పౌలు ఆ మాట రాసింది, ఫిలిప్పీ వాళ్లు ఎపఫ్రొదితు చేత పంపిన సాయం అందిందని చెప్పే ఉత్తరంలో. బలం క్రీస్తు నుంచి వస్తుందంటూనే, కష్టంలో తోడు నిలిచినందుకు వాళ్లని మెచ్చుకుంటాడు.

ఇంకో సంగతి. అతను చెప్పేదంతా 'నేను' గురించే. తృప్తిపడమని ఆకలితో ఉన్నవాళ్లకి అక్కడ చెప్పడం లేదు.

నేను చెప్పాను. జీతం పెంచమన్న మా వంటావిడతో, "ఉన్నదాంతో సర్దుకోవాలి అక్కా" అన్నాను. అదే వారం, హైక్ తక్కువొచ్చిందని మేనేజర్‌కి పెద్ద మెయిల్ పెట్టాను.

ఆవిడేం అనలేదు. ఫ్రిజ్ తెరిచి పాలు తీసుకుంది.