చేసేవాడు, చేయించేవాడు

మోటివేషన్‌ని తెలుగులో ప్రేరణ అంటాం. కానీ ఆఫీసు కబుర్లలో ఆ మాట ఎవరూ వాడగా నేను వినలేదు. "టీమ్‌లో మోటివేషన్ తగ్గింది" అంటారు గానీ ప్రేరణ తగ్గిందనరు. ఆ మాట తాలూకు రూపాలు నాకు తగిలింది ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి, పేపర్లో క్రైమ్ వార్తలు: ఫలానా నేరానికి ప్రేరేపించారని ఫలానావారి మీద కేసు. రెండోది, స్కూల్లో చదివిన వ్యాకరణం: చేయు–చేయించు, నడుచు–నడిపించు. వీటిని ప్రేరణార్థక క్రియలన్నారు.

"నేను పని చేశాను" అంటే కర్తని నేను. "మేనేజర్ నాచేత పని చేయించాడు" అంటే కర్త మేనేజర్. రెండిట్లోనూ రాత్రి పదకొండింటిదాకా కూర్చుని కోడ్ రాసింది నేనే. కానీ రెండోదాంట్లో నాకు మిగిలింది ఒక తృతీయా విభక్తి. "కత్తితో కోశాడు" అన్నప్పుడు కత్తికి దక్కేదీ అదే.

ఉద్యోగుల్లో ఉత్సాహం నిలపడం ఎలా అన్నదానికి మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో బోలెడు జవాబులున్నాయి. ఆ 'ఎలా' కంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది: నా సమయం కొనుక్కున్నవాడికి, నాలో కోరిక పుట్టించే హక్కు కూడా ఉందా?

ఈ ప్రశ్నకి దగ్గరగా వచ్చినవాడు, విచిత్రంగా, ఆ రంగంలోవాడే. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1968లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూకి రాసిన వ్యాసంలో ఒక కుక్కపిల్ల ఉదాహరణ ఇస్తాడు. తన్నితే అది కదులుతుంది. బిస్కెట్ చూపించినా కదులుతుంది. తన్నినప్పుడు దానికి ప్రేరణ కలిగిందని ఎవరూ అనరు. బిస్కెట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అంటారు. హెర్జ్‌బర్గ్ లెక్కలో రెండుసార్లూ ప్రేరణ ఉన్నది యజమానికే. కదలాలన్న కోరిక అతనిది. కుక్క కదిలింది, అంతే. మన వ్యాకరణం పుస్తకం చెప్పిందీ ఇదే కదా.

స్పాట్ అవార్డు, శుక్రవారం పిజ్జా, టీమ్ అవుటింగ్, ఇవన్నీ బిస్కెట్లే. డబ్బు చెడ్డదని కాదు. జీతం శుభ్రమైన బేరం: ఇంత పనికి ఇంత, నచ్చకపోతే రిజైన్ చేస్తాను. మిగతావాటిలో బేరం కనపడదు. మేనేజర్ నాకు ఒక కారణం చెప్పాడనుకోండి, సోమవారం నుంచి ఫలానా బ్యాంకుకి ఇది కావాలి, లేకపోతే వాళ్ళ కస్టమర్లకి ఇబ్బంది అని. నేను వాదించొచ్చు. సోమవారం కుదరదు, బుధవారం అనొచ్చు. పిజ్జాతో ఎలా వాదిస్తాం? కారణం నా బుర్రతో మాట్లాడుతుంది. ప్రేరణ దాన్ని తప్పించుకుని పక్కనుంచి పోతుంది. నాకు అభ్యంతరం అక్కడే.

ఒక కంపెనీలో మా టీమ్ ఏడు నెలలపాటు పాత సిస్టమ్‌లోని డేటాని కొత్తదాంట్లోకి మార్చే పని చేసింది. ఆ కొత్త సిస్టమ్‌ని పక్కన పెట్టేయాలని నాలుగో నెలలోనే పైవాళ్ళు నిర్ణయించుకున్నారు. మాకు చెప్పలేదు. చెప్తే ఉత్సాహం పోతుందని. ఆ చివరి మూడు నెలల్లో మాకొచ్చినన్ని అవార్డులు అంతకుముందెప్పుడూ రాలేదు. విషయం తెలిశాక మాలో ఒకతను తనకిచ్చిన వోచర్ని వాడకుండా వదిలేశాడు. రెండు వేల రూపాయలు. ఎందుకురా అంటే, "అది జీతం కాదు కదా, బుజ్జగింపు" అన్నాడు.

ఏరియలీ, కామెనిట్సా, ప్రెలెక్ కలిసి 2008లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. మనుషుల చేత లెగో బొమ్మలు కట్టించి బొమ్మకింత అని డబ్బిచ్చారు. కొందరు కట్టినవి అలాగే ఉంచారు. ఇంకొందరివి వాళ్ళ కళ్ళెదుటే విప్పేసి, ఆ ముక్కలే మళ్ళీ వాళ్ళకిచ్చి కట్టమన్నారు. కూలి అందరికీ ఒకటే. మొదటివాళ్ళు సగటున పదికి పైగా కట్టారు, రెండోవాళ్ళు ఏడు దగ్గర ఆపేశారు. మా కంపెనీ ఇంకొంచెం తెలివైంది. విప్పే పని బల్ల కింద చేసింది.

ఇంకో సంగతి. మేం పనిచేసే బిల్డింగులోనే సెక్యూరిటీ గార్డులున్నారు, హౌస్‌కీపింగ్ వాళ్ళున్నారు. ఏటా వచ్చే సర్వేలో వాళ్ళ మోటివేషన్ ఎలా ఉందని ఎవరూ అడగరు. కాంట్రాక్టు ఏజెన్సీ మనుషులు, ఒకరు మానేస్తే ఇంకొకరొస్తారు. వెళ్ళిపోతారన్న భయం ఉంటే బిస్కెట్, లేకపోతే మొదటి పద్ధతే. ఈ చర్చలో సగం మార్కెట్ ధర గురించే.

హెర్జ్‌బర్గ్ చూపించిన దారి, పనినే మార్చడం: బాధ్యత ఇవ్వడం, నేర్చుకునే వీలివ్వడం. మనిషిలో సొంత జనరేటర్ ఉండాలంటాడు. అప్పట్లో అది ఉద్యోగికి ఊపిరి పోసే మాట. ఇవాళ అదే "నీ ప్యాషన్ ఏంటి?" అనే ఇంటర్వ్యూ ప్రశ్నగా తిరిగొచ్చింది. పని మీద ఇష్టం ఉన్నవాడు అడక్కుండానే శనివారం కూడా చేస్తాడు. బిస్కెట్ ఖర్చు కూడా మిగులుతుంది. కోడ్ రాయడం నాకు నిజంగానే ఇష్టం, కానీ ఆ ఇష్టం ఆఫర్ లెటర్లో లేదు. ఒక బగ్ వెనక పడి నేను అన్నం తినడం మర్చిపోతే అది నా సరదా. దాన్ని చూసి, అందరూ అలాగే ఉండాలని అప్రైజల్ ఫారంలో ఒక గడి పెడితే, నా సరదా పక్క సీట్లో ఉన్న చంటిపిల్లల తల్లి మీద కొరడా అవుతుంది.

మరి ఎవరికీ ఇష్టంలేని పని సంగతి? టెస్ట్ కేసులు, డాక్యుమెంటేషన్, అర్ధరాత్రి ఆన్‌కాల్. వీటి మీద ప్రేమ పుట్టదు, పుట్టించనక్కర్లేదు కూడా. నేను పనిచేసిన లీడ్స్‌లో ఒకావిడ వీటిని పంచేటప్పుడు ఇలా చెప్పేవారు: "ఇది బోరు పని. రెండు వారాలు పడుతుంది. దీన్ని వాడేది ఫలానావాళ్ళు. వచ్చేసారి నీకు రాదు." వచ్చేసారి నిజంగానే వచ్చేది కాదు. వేరే ఎవరూ దొరక్కపోతే ఆవిడే చేసేవారు.