శిక్షణ యెవరికి?

మేధోవైకల్యము గల బాలుడొకడు, లెక్కల పలక చేతికీయగనే దానిని విసరివైచును, ప్రక్కవానిని కొఱుకును అనుకొందము. ఉపాధ్యాయిని వానిని వరండాలో కూర్చుండబెట్టును. తరగతి సద్దుమణగును. మఱునాడును అంతియే. అది శిక్ష యని ఆమె తలంపు. కాని బాలుని వైపునుండి చూచినచో, రాని లెక్క తప్పిపోయినది. కోరినదే వానికి దక్కినది. ఆమెకును నిశ్శబ్దము దక్కినది. కావుననే ఆ వరండా అలవాటు ఇరువురిలోను స్థిరపడును.

ప్రత్యేక విద్యోపాధ్యాయుల శిక్షణలో మొదటి పాఠము పరిశీలన. చేష్టకు ముందేమి జరిగినది, చేష్ట యెట్టిది, పిదప బిడ్డకేమి లభించినది, ఈ మూడింటిని కొన్నాళ్లు వ్రాసికొనవలెను. "మొండివాడు" అని వ్రాయరాదు. "పది నిమిషములలో మూడుమారులు పలక విసరెను" అని వ్రాయవలెను. తీర్పు చెప్పుటకు అలవడిన మనస్సునకు ఇది మిక్కిలి కష్టము. ఒక్కొక్కప్పుడు కారణము దేహములోనే యుండును. మాటరాని బిడ్డ తల గోడకు కొట్టుకొనుచున్నచో ముందు చెవిపోటో, పంటిపోటో వైద్యునిచే చూపింపవలెను.

1985లో అమెరికాలో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ అనువారు నలుగురు పిల్లలపై జరిపిన అధ్యయనమును ప్రకటించిరి. పని కఠినమై అల్లరి చేయువారికి సహాయమడుగుట నేర్పిరి. పెద్దల దృష్టికై చేయువారికి తమ పని బాగున్నదా యని అడుగుట నేర్పిరి. కారణమునకు తగిన మాట నేర్పినపుడు అల్లరి తగ్గెను; తగని మాట నేర్పినపుడు తగ్గలేదు.

ఇది బిడ్డకు లొంగుట కాదా యని కొందఱందురు. కొఱకబడిన బిడ్డ మాటేమి యనియు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కొఱుకువానిని తక్షణమే వేఱుచేయవలసినదే; కాని అది రక్షణ మాత్రమే, దానివలన వానికి క్రొత్తగా తెలిసినదేమియు లేదు. మఱి పట్టించుకొనక యూరకుండిన? దృష్టికై చేయు అల్లరి మొదట హెచ్చును. ఈ సంగతి యెఱుగని ఉపాధ్యాయుడు హెచ్చినవేళనే లొంగిపోవును; బిడ్డ ఇంకను బిగ్గఱగా అఱచుట నేర్చును.

2009 విద్యాహక్కు చట్టము శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది. చేతిలోని బెత్తమును చట్టము తీసివేసినది గాని, దాని స్థానమున నుంచవలసినది శిక్షణ యొక్కటే ఈయగలదు. 1984లో వెలసిన సికింద్రాబాదులోని జాతీయ సంస్థ నుండి రీటా పెషావరియా, వెంకటేశన్ రచించిన ఉపాధ్యాయుల కరదీపిక 1992లోనే వెలువడినది. ఆ సంస్థ పేరు తరువాత మారినది. పేరు మారుట మంచిదే; వరండా మారినదా యన్నది వేఱు ప్రశ్న.

ఆ బాలునికి "చాలు" అను బొమ్మ కార్డొకటి ఇచ్చినచో, మొదట దానిని చూపినప్పుడెల్ల పలక తీసికొనవలసి యుండును. పిదప ఒక లెక్క చేసి చూపుమనవచ్చును, తరువాత రెండు. లెక్కయు వానికి అందునట్టిదై యుండవలెను. ఆ దినములలో తరగతి నిశ్శబ్దముగా నుండదు. తనిఖీకి వచ్చిన అధికారి ఆ సందడిని చూచి ఆమెను అసమర్థురాలని వ్రాసికొని పోవచ్చును.