ఒక్కపొద్దును ఎగతాళి చేయదగునా?

(చదువవలసిన భాగములు: యెషయా 58:1–8; మత్తయి 6:16–18; రోమా 14:1–6)



శ్రమదినములు వచ్చినప్పుడు మన పొరుగుననున్న రోమను కతోలికులు ఒక్కపొద్దులుండుట మనము చూచుచున్నాము. "చేపలు తినుచు ఉపవాసమందురేమి?" అని మనలో కొందరు నవ్వుదురు. నవ్వకమునుపు వారి నియమమేమో తెలిసికొందము.

1983లో వెలువడిన వారి సంఘచట్టము ప్రకారము విభూది బుధవారమును, మంచి శుక్రవారమును ఉపవాసదినములు. 18 ఏండ్లు నిండినది మొదలు 59 ఏండ్లు నిండువరకు ఆ దినములలో ఒక్కపూటయే కడుపునిండ భుజింపవలెను. మిగిలిన రెండు పూటల కొద్దిగా పుచ్చుకొనవచ్చును. ప్రభువు మరణించిన దినమని శుక్రవారమున మాంసము మానుదురు. చేపలకు అభ్యంతరము లేదు. కొన్ని దేశములలో బిషప్పులు దానికి బదులు ధర్మకార్యములను నియమించిరి. దివ్యసత్ప్రసాదము పుచ్చుకొనువారు పూర్వము అర్ధరాత్రినుండి ఏమియు తినెడివారు కారు. 1957లో అది మూడు గంటలకు, 1964లో ఒక గంటకు తగ్గెను. రోగులకు సడలింపు కలదు.

ఇట్టి నియమములు మన మనస్సాక్షిని బంధింపజాలవు. రక్షణ దేవుని కృపవలననే గాని ఖాళీ కడుపువలన కలుగదు (ఎఫెసీ 2:8, 9). అయినను ప్రభువుకొరకు మానినవానిని తినువాడు చులకన చేయరాదని పౌలు రోమా సంఘమునకు బోధించెను. వారి యజమానునికి వారు లెక్క అప్పగింతురు. మనము న్యాయాధిపతులము కాము.

మన సంగతి ఏమి? మనకును శుక్రవారపు ఉపవాసప్రార్థనలు కలవు. వారి నియమము పుస్తకములో నున్నది. మన నియమము నాలుకమీద నున్నది. ఎవరు కూటమునకు రాలేదు, ఎవరు టీ త్రాగిరి అని లెక్కించుచున్నాము. పొలములో కూలిచేసి వచ్చిన తల్లిని, గర్భిణిని, పాలిచ్చు స్త్రీని పస్తుండుమని బలవంతపెట్టుచున్నాము. ఇది పరిసయ్యుల పులిపిండి కాదా?

5వ శతాబ్దమున రోమాపురి బిషప్పైన మొదటి లేయో, మానిన భోజనము బీదలకు చేరవలెనని బోధించెను. అంతకు ఎన్నో వందల ఏండ్ల ముందే యెషయా ఈ మాట చెప్పియున్నాడు. మానిన అన్నము మన కుండలోనే మిగిలినయెడల అది ఉపవాసము కాదు, పొదుపు మాత్రమే.

కాబట్టి వచ్చు శుక్రవారమున మానిన పూట బియ్యమును కొలిచి వేరుగా నుంచుడి. పొయ్యి వెలుగని యింటికి చీకటిపడిన పిమ్మట చేర్చుడి. వారు ఏ సంఘమువారని అడుగకుడి. రహస్యమందు చూచు తండ్రికి అది చాలును.

ప్రభువు కృప మీకందరికి తోడైయుండును గాక. ఆమేన్.